ఐదుగురి పోరు: మల్లాము శిల మొదలు బోస్టను రంగస్థలము దాక

2025 నవంబరు 24వ తేదీ సోమవారమున, హంగరీ రాజధానియగు బుడాపెస్టు నగరమున కౌంటర్ స్ట్రైక్ అను కంప్యూటరు తుపాకుల ఆటకు మేజర్ అనబడు మహాపోటీలలో 23వది ప్రారంభమైనది. 32 జట్లు మూడు వారముల పాటు తలపడి, డిసెంబరు 14వ తేదీ ఆదివారమునాడు విజేత యెవరో తేల్చుకొన్నవి; 12.5 లక్షల డాలర్ల బహుమతి ధనము వాని నడుమ పంపకమైనది. ఆ నవంబరునకు మరియొక విశేషము కూడ కలదు. ఆ ఆట పెట్టెలలోనికెక్కి అంగళ్ళలో అమ్మకమునకు వచ్చి ఆ నెలకు 25 సంవత్సరములు నిండినవి. మన చిట్టమూరు మండలమున, వరిమళ్ళకును రొయ్యల గుంటలకును నడుమనున్న ఊళ్ళలో, పొద్దుపోయినంతవరకు చేతిఫోనులో ఈ పోటీలను కన్నార్పక చూచు యువకులు కలరు. అది వట్టి కాలహరణమని వారి తల్లిదండ్రులకు తోచుట సహజమే గాని, ఒక జట్టు కొరకు ఒకడు తన్ను తాను ఒడ్డుకొనుటయు, ఆ తెగువను చూచినవారు దానిని మరువకుండుటయు ఈ తీరమునకు క్రొత్త సంగతులు కావని నా నమ్మకము.

మల్లాము చిట్టమూరు మండలములోనిదే. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనార్థము దూరప్రాంతముల నుండి భక్తులు వచ్చు ఆ గ్రామమున, పల్లవరాజు కంపవర్మ 20వ పాలనావర్షమునకు, అనగా తొమ్మిదవ శతాబ్దమునకు, చెందిన తమిళ శాసనమొకటి కలదు. ఒక వీరుడు తన దేహమున తొమ్మిది తావుల మాంసము కోసి దేవికి సమర్పించి, తుదకు శిరస్సునే ఖండించి యర్పించెనని అందు చెప్పబడినది. ఆ ఆత్మబలిని నేడు తలచుకొన్న ఒడలు జలదరించును; అయినను ఆతని సాహసము మాసిపోరాదని నాటివారు శిలకెక్కించుట నన్ను విడువక ఆకర్షించుచున్నది. ఆ పిదప నాలుగు శతాబ్దములకు నెల్లూరి మనుమసిద్ధి పక్షమున ఖడ్గ తిక్కన కాటమరాజుతో పాలేటి యొడ్డున పోరెను. పసుల మేతకు కట్టవలసిన పుల్లరి వద్ద పుట్టిన ఆ తగవును యాదవుల గాథలు నేటికిని పాడుచున్నవి. అటు తరువాతి ఆరేడు వందల యేండ్లలో ఈ కోస్తా పల్లెల కుర్రవాండ్రు వెన్నెల రాత్రులందు ఏ యాటలాడిరో, ఏ ఊరి జట్టు ఏ ఊరి జట్టును గెలిచెనో తెలుపు ఆధారములు మిక్కిలి స్వల్పము. గీత గీచి కూత పెట్టిన చెడుగుడు మాత్రము తాతల నోటి మాటగా మనదాక వచ్చినది. ఆ చెడుగుడే కబడ్డీ పేరుతో 1936లో బెర్లిను ఒలింపిక్సు వేళ ప్రదర్శింపబడి, 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకముల ఆటయైనది. పల్లెవాసుల ఆటకు ప్రపంచ గౌరవము దక్కుటకు అన్ని యేండ్లు పట్టినది.

కౌంటర్ స్ట్రైక్ అంత దీర్ఘకాలము వేచియుండలేదు. మిన్ లే, జెస్ క్లిఫ్ అను ఇరువురు విద్యార్థులు, అప్పటికే ప్రసిద్ధమైన హాఫ్ లైఫ్ అను ఆటను తమ యభిరుచికి అనుగుణముగ మార్చి, 1999 జూనులో దీని తొలిరూపమును ఉచితముగా విడుదల చేసిరి. వాల్వ్ సంస్థ దానిని తనదిగా చేసికొని 2000 నవంబరున అమ్మకమునకు పెట్టెను. మరుసటి యేట డల్లాసు నగరమున సీపీఎల్ వారు జరిపిన ప్రపంచ పోటీలో స్వీడను దేశపు నింజాస్ ఇన్ పజామాస్ జట్టు నెగ్గెను. అదే దశాబ్దమున మన ప్రాంతమున నెట్ సెంటర్లు వెలసినవి. గూడూరులోనో నాయుడుపేటలోనో బస్టాండు దాపున, తడికెల అరల నడుమ వరుసగా కంప్యూటర్లు పేర్చిన ఇరుకు గదులలో, పరీక్షా ఫలితములు చూచుకొనుటకు వచ్చిన ఇంటర్మీడియట్ పిల్లలు ఒకనికొకడు తీగెలతో కలిసిన యంత్రముల మీద ‘సీఎస్’ ఆడుట నేర్చిరి. గంట లెక్కన అద్దె కట్టి, అది ముగియుచుండగా ‘అన్నా, ఇంకొక్క రౌండు’ అని యజమానిని బతిమాలిన ఆ తరమునకు నేడు నలువది యేండ్లు దగ్గరపడుచున్నవి. వారి ఆటలేవియు ఎక్కడను వ్రాయబడలేదు.

ఆట నియమములు పైకి సరళములు. ఐదుగురు దాడి చేయువారు, ఐదుగురు కాచువారు. దాడి చేయువారు రెండు తావులలో ఒకదానియందు బాంబు పెట్టవలెను, లేదా ఎదుటివారినందరిని కూల్చవలెను. పెట్టిన బాంబు 40 సెకనులలో ప్రేలును. దానిని ఆర్పుటకు 10 సెకనులు, తగిన పనిముట్టు చేత నున్నచో 5 సెకనులు చాలును. కూలినవాడు ఆ రౌండు ముగియువరకు లేవడు. ప్రతి రౌండు పిదప గెలుపోటములను బట్టి సొమ్ము దక్కును. కౌలు రైతు ఈ కారు పెట్టుబడిని మరుకారు బాకీతో కలిపి లెక్క చూచుకొనునట్లు, నాయకుడు ఈ రౌండున తుపాకులు కొనవలెనా, చేయి బిగబట్టి తరువాతి రౌండునకు దాచవలెనా అని నిర్ణయింపవలెను. గురి యొక్కటే చాలినచో ఇది ఏనాడో విసుగు పుట్టించి యుండును. ఎదుటివాని మనస్సును చదువుటయు, పొగబాంబు విసరిన చోటు నుండి వాని రాకను ఊహించుటయు, తాను కూలినను తోటివానికి దారి మిగుల్చుటయు ఇందలి విద్య. అందుచేతనే 2013లో స్వీడనునందలి యోన్‌షోపింగు పట్టణమున 2.5 లక్షల డాలర్ల బహుమతితో తొలి మేజర్ జరిగి, ఫ్నాటిక్ జట్టు నింజాలను ఓడించిన నాటి నుండి, మేజర్ అను పేరునకు ఆటగాండ్ర యెడ విశేష గౌరవము స్థిరపడినది.

ఆ మేజర్లలో నా మనస్సున నిలిచినది 2018 జనవరిలో బోస్టను నగరమున ముగిసిన 12వది. దానిని ఎన్ని మారులు చూచినను తనివి తీరదు. పాఠకుల యెదుట కొంత సావకాశముగ చెప్పుకొన వలయునను కోరిక చిరకాలముగ కలదు.

అమెరికాకు చెందిన క్లౌడ్ నైన్ జట్టున టరిక్, స్ట్యూయీ, ఆటిమాటిక్, రష్, స్కడూడుల్ అను ఐదుగురుండిరి. ఆటకు పుట్టినిల్లు ఉత్తర అమెరికాయే యైనను, అక్కడి జట్టేదియు అప్పటివరకు మేజర్ గెలువలేదు. యూరపు, బ్రెజిలు మొదలగు తావులవారే కిరీటములు మోసికొనిపోయిరి. ఆ మేజర్‌లో సైతము వీరి ఆరంభము దైన్యముగ నుండెను. మూడు పరాజయములు పొందిన జట్టు ఇంటి ముఖము పట్టవలసిన దశలో వీరు మొదటి రెండు పందెములను వరుసగా ఓడిరి. ఇక నొక్కటి పోయిన కథ ముగియును. అట్టి స్థితిలో మూడింటిని వరుసగా గెలిచి గట్టెక్కిరి. అటుపై క్వార్టర్ ఫైనలులో ఫ్రెంచివారి జీ2 జట్టును, సెమీ ఫైనలులో బ్రెజిలువారి ఎస్‌కే గేమింగ్ జట్టును దాటి, జనవరి 28వ తేదీన ఆగానిస్ అరీనా అను విశాల క్రీడామందిరమున ఫైనలునకు నిలిచిరి.

ఎదుట నున్నది ఫేజ్ జట్టు. డెన్మార్కు నుండి కారిగన్, బోస్నియా నుండి నీకో, నార్వే నుండి రెయిన్, స్లొవేకియా నుండి గార్డియన్, స్వీడను నుండి ఓలోఫ్‌మైస్టర్. ఒకే భాష ఇంటిలో మాటలాడని ఐదు దేశములవారు, ఒక్కొక్కరు తమ తమ జట్లలో ఏలికలుగ వెలిగినవారు, ఒక్కచోట చేరిరి. గెలుపు వారిదేయని తలచనివారు అరుదు. తొలి మ్యాపు, అనగా పోరు జరుగు స్థలము, మిరాజ్‌ను వారు 16-14తో గెలుచుకొనిరి. రెండవది ఓవర్‌పాస్, దానిని క్లౌడ్ నైన్ 16-10తో తీసికొనెను. తీర్పు మూడవదియగు ఇన్ఫర్నో మీద పడెను.

ఇన్ఫర్నో అనునది ఇరుకు సందులతో, పెంకుటిండ్లతో కూడిన ఒక యూరపు పల్లె రూపము. అందు ‘బనానా’ అని పిలువబడు వంకర దారి యొకటి రెండవ బాంబు తావునకు పోవును. ఆ దారిని ఏలినవాడు సగము ఆటను ఏలినట్లే. ఫేజ్ 15-11తో ముందుకు పోయెను. ఇంకొక్క రౌండు గెలిచిన చాలు, కప్పు వారిది. కాచు పక్షమున నున్న క్లౌడ్ నైన్ వారికి నాలుగు రౌండ్లు, ఒక్కదానిని సైతము జారవిడువక, గెలువవలసి యుండెను. ఒకటి గెలిచిరి. రెండవది గెలిచిరి. మూడవది గెలిచిరి. చివరిదైన 30వ రౌండున ఫేజ్ వారు పొగ పరచుకొని బనానా దారిన రెండవ తావు మీదికి విరుచుకుపడగా, స్ట్యూయీ వెనుకకు తగ్గుటకు బదులు ఆ పొగలోనే నిలిచి వారి నడకను విరిచెను. పొగలో నిలిచినవాడు తానును ఏమియు చూడజాలడు. తన తోటివారు వచ్చి చేరుదురను నమ్మకమొక్కటియే వాని కండ. ఆనాటి ప్రసారమును తెల్లవారుజామున మేల్కొని చూచిన మన దేశపు కుర్రవాండ్రలో ఆ క్షణమున కూర్చుండి యున్నవారు ఉండిరని నేననుకొనను.

అంకెలు 15-15 అయినవి. అదనపు సమయమున 18-18. మరల అదనపు సమయము. తుదకు 22-19. క్లౌడ్ నైన్ గెలిచెను. టరిక్‌ను ఉత్తమ క్రీడాకారునిగ ఎంచిరి. 5 లక్షల డాలర్లు వారి పాలయినవి. నిర్వాహకుల ప్రసారమును ఏకకాలమున 11 లక్షల పైచిలుకు జనులు చూచుచుండిరి. ఆ మందిరమున లేచిన హర్షధ్వని నాకీనాటికిని చెవులలో నున్నది.

గెలిచిన జట్టు నిలువలేదు. రెండు నెలలు గడచునంతలో స్ట్యూయీ, తాము ఓడించిన ఎస్‌కే గేమింగ్‌లోనే చేరెను. మిగిలినవారును ఒక్కొక్కరుగ చెదరిరి. ఉత్తర అమెరికాకు 2025 వరకు రెండవ మేజర్ దక్కలేదు. ఓడినవారి కథయే నా దృష్టిలో మరింత గాఢమైనది. కారిగన్, రెయిన్ ఇరువురును ఫేజ్ పక్షముననే 2022లో ఆంట్‌వెర్పు మేజర్ గెలిచిరి. ఆనాడు ఉత్తముడు రెయిన్. నీకో మాత్రము 2021లో స్టాక్‌హోము ఫైనలున మరల ఓడి, 2025 వరకు ఆ కప్పు నెత్తలేదు. బుడాపెస్టులో ఎవరి పక్షమున నుంటివని నన్నడిగినచో తడుముకొనక ఆ బోస్నియావాని పేరు చెప్పుదును.

ఇక మన దేశపు సంగతి. బోస్టను ముగిసిన యేటనే, 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన ఆసియా పోటీలో ఆప్టిక్ ఇండియా జట్టు క్రీడాకారుడొకడు, గురి తానే కుదుర్చు దొంగ సాధనమును కంప్యూటరులో దాచి పట్టుబడగా, జట్టు మొత్తము బహిష్కృతమైనది. తప్పెరుగని తోటివారు నలుగురు ఆ ఒక్కనితో కూడ తలదించుకొని తిరిగివచ్చిరి. ఐదుగురి ఆటలో ఒకడు నమ్మకమును చంపినచో మిగిలిన నలుగురికి ఏమి మిగులునో అంతకన్న వేరు ఉదాహరణము అక్కరలేదు. ఆ దెబ్బకు మన కౌంటర్ స్ట్రైక్ కోలుకొనుట కష్టమైనది.

అప్పటికే పల్లెలలో గాలి మారినది. 2016 సెప్టెంబరున జియో వచ్చి డేటాను చౌక చేసెను. 2018 మార్చిలో పబ్జీ మొబైల్ వచ్చెను. కంప్యూటరు కొనలేని ఇంట సైతము ఫోనుండెను గనుక, నెట్ సెంటరు వాకిలి తొక్కని పిల్లలు నలుగురేసి జట్టు కట్టి, విమానము నుండి దూకి, కుంచించుకుపోవు వలయములో కడవరకు బ్రతుకు పోరాటము నేర్చిరి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము దానిని కలుపుకొని 118 యాప్‌లను నిషేధించెను. 2021 జూలైలో బీజీఎంఐ అను పేరుతో అది తిరిగివచ్చెను. 2022 జూలైలో మరల తొలగింపబడెను. 2023 మేలో మరల వచ్చెను. ఇన్ని మారులు దీపమార్పి వెలిగించిన ఆటలో ఒక తరము నిలకడగ సాధన చేయుటెట్లు? అయినను చేసిరి. 2024 జూను 28 మొదలు 30 వరకు హైదరాబాదు హైటెక్స్‌లో ఆ ఆట జాతీయ సిరీస్ ఫైనల్సు జరిగినవి. 16 జట్లు, 64 మంది, 2 కోట్ల రూపాయల మొత్తపు బహుమతి. టీమ్ ఎక్స్‌స్పార్క్ విజేత. తెలుగు నేల మీద ఇట్టి పోటీకి ప్రేక్షకులు టిక్కెట్టు కొని వచ్చి, తమ జట్టు పేరు పెట్టి అరచుట చూచినప్పుడు నాకు కలిగిన సంతోషమును దాచుకొనజాలను.

చట్టము తీరు మరియొక చిక్కు. పేకాట యాప్‌లను అరికట్టుటకు 2020లో ఆంధ్ర ప్రభుత్వము నిషేధము తెచ్చిన నాడు, సొమ్ము పందెము లేని ఈ పోటీలను కూడ జనులు జూదముతో ముడిపెట్టిరి. 2022 డిసెంబరులో కేంద్రము ఇట్టి పోటీలను, అనగా ఈ-స్పోర్ట్సును, క్రీడా మంత్రిత్వ శాఖ పరిధిలోనికి తెచ్చెను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము సొమ్ము పందెపు ఆటలను నిషేధించుచు, ఈ-స్పోర్ట్సును వేరు చేసి గుర్తించినది. ఈ విభజన న్యాయమైనది. కాని చిట్టమూరు నుండి ఒక పిల్లవాడు బయలుదేరి ఆ గుర్తింపు నందుకొనుటకు ఏ మెట్టెక్కవలెనో చూపు జిల్లా పోటీ, శిక్షకుడు, పాఠశాల జట్టు, వీనిలో నొక్కటియు నాకు కానరాదు.

ఆసియావారికి ప్రపంచ రంగస్థలము చేరుట అసాధ్యమని యెవరైనను తలచినచో, 2025 జూనులో జరిగిన టెక్సాసునందలి ఆస్టిను మేజర్‌ను చూడవలెను. సుమారు 35 లక్షల జనసంఖ్య గల మంగోలియా నుండి వచ్చిన ది మంగోల్జ్ జట్టు ఫైనలు చేరి, విటాలిటీ జట్టు నుండి ఒక మ్యాపును గెలుచుకొని, 2-1 తేడాతో ఓడెను. మేజర్ ఫైనలున ఆసియా జట్టు నిలుచుట అదియే మొదలు. ఆ జట్టు బుడాపెస్టులోను ఆడెను.

పాఠకులకొక విన్నపము. గూడూరు, నాయుడుపేట, కోట, సూళ్ళూరుపేట నెట్ సెంటర్లలో ఆనాడు ‘సీఎస్’ జట్లు కట్టి ఆడినవారు ఇప్పుడు ఎక్కడెక్కడనో ఉద్యోగములలో స్థిరపడి యుందురు. తమ ఐదుగురిలో ఎవరెవరు ఉండిరో, ఏ సంవత్సరమున ఏ ఊరి జట్టుతో తలపడిరో, ఎవరు గెలిచిరో జ్ఞాపకమున్నంతవరకు వ్రాసి ఈ అనుబంధము చిరునామాకు పంపిన, వచ్చినవానిని వచ్చినట్లు క్రమముగ ప్రకటింపగలము.