ఎంగిలి గ్లాసు, కడిగే చేయి
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చాయ్ హోటళ్ల చరిత్ర అడిగే కొన్ని ప్రశ్నలు

రెండు గ్లాసుల పద్ధతి గురించి మన దగ్గర చాలా మాట్లాడిండ్రు. కరపత్రాలు వేసిండ్రు, ధర్నాలు చేసిండ్రు, అధికారులు తనిఖీలు చేసిండ్రు. ఆ మాటలన్నీ న్యాయమైనవే. కానీ అవన్నీ గ్లాసు పట్టుకొని తాగేవాని దిక్కు నుంచి పుట్టినవి. ఆ గ్లాసును కడిగిన మనిషి దిక్కు నుంచి హోటల్ చరిత్రను ఎవరూ పెద్దగా రాయలేదు. హోటల్ ముందట బెంచీ మీద కులం ఎట్ల కూర్చున్నదో మనకు తెలుసు. హోటల్ వెనుక, నీళ్ల తొట్టి దగ్గర, పొయ్యి దగ్గర, రాత్రి పడుకునే చోట కులం ఎట్ల పని చేసిందో కూడా తెలుసుకోవాలె. పాత కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలను ముందు పెట్టుకొని ఈ వ్యాసంలో మేము ఆ వెనక గోడ దాకా పోదలచుకున్నం.

బస్సు వచ్చింది, హోటల్ వచ్చింది

చాయ్ మన ఊర్లకు తాతల నాటిది కాదు. తోటల యజమానుల సరుకు అమ్ముడుపోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1903లో తేయాకు మీద సెస్సు చట్టం తెచ్చింది. ఆ పైసలతో తేయాకు ప్రచారం దేశమంతా సాగింది. అంబలి, గట్క, కల్లు తెలిసిన జనానికి చాయ్ అలవాటైంది ఆ తర్వాతనే. హైదరాబాద్ సంస్థానంలో 1932లో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. బస్సులు పెరిగిన కొద్దీ, అవి ఆగిన చోటల్లా ఒక పాక, ఒక పొయ్యి, రెండు బెంచీలు వెలిసినయి. నిజామాబాద్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల పోయే రోడ్డయినా, సిరిసిల్ల బజారయినా, హోటల్ అంటే మొదట బస్సు కోసం ఎదురుచూసే జాగనే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలె. బస్సు టికెట్టు కులం అడగలేదు. పైస ఇచ్చినోడు ఎక్కిండు. అదే మనిషి బస్సు దిగి చాయ్ అడిగితే మాత్రం పైస ఇచ్చినా కులం అడిగింది. ఊర్ల హోటళ్లలో మాల మాదిగల గ్లాసు వేరే. చూరులో చెక్కి ఉంటది, లేకుంటే గోడ మీద బోర్లించి ఉంటది. కొన్ని చోట్ల గ్లాసే లేదు, మోదుగాకు దొప్ప, లేకుంటే కొబ్బరి చిప్ప. తాగేటోడు కింద కూర్చోవాలె, పైనుంచి పోస్తే పట్టుకోవాలె, తాగినంక తన గ్లాసు తనే కడిగి పెట్టాలె. పట్టణం కొంత మారింది. ముఖం తెలియని గిరాకీ ఎక్కువయింది కాబట్టి అందరి కులం అడగడం కష్టమైంది. ఊర్లో 'ఎవరి కొడుకువు' అన్న ప్రశ్నకు ముందే జవాబు ఉంటది. పట్టణంలో ఆ ప్రశ్న అడిగే తీరిక సేటుకు లేదు. గిరాకీ విషయంలో వచ్చిన ఈ సడలింపు పనివాళ్ల విషయంలో రాలేదు. గిరాకీ ఐదు నిమిషాలు ఉండి పోతడు. పనిమనిషి ఇరవై నాలుగు గంటలు ఇంట్లో మనిషి లెక్క ఉంటడు. అందుకే అతని పుట్టుపూర్వోత్తరాలు అడగకుండా పనిలో పెట్టుకోరు.

పొయ్యి నుంచి తొట్టి దాకా మెట్లు

చిన్న హోటల్ చూడడానికి నలుగురు మనుషుల వ్యవహారం. గల్లా మీద సేటు. పొయ్యి దగ్గర మాస్టర్. టేబుళ్ల మధ్య సప్లయర్. వెనక తొట్టి దగ్గర గ్లాసులు కడిగే పోరడు, లేకుంటే బాసన్లు తోమే ఆడమనిషి. పైకి ఇది పని విభజన. కానీ కులం అనేది పనిని పంచేది మాత్రమే కాదనీ, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడగొట్టేదనీ అంబేడ్కర్ 1936లోనే వివరించిండు. ఆ మాట అర్థం కావాలంటే చాయ్ హోటల్ కంటే మంచి బడి లేదు.

మాస్టర్ చేయి అందరి నోట్లోకి పోయే వస్తువును తాకుతది. కాబట్టి ఆ చేయి 'శుభ్రమైన' కులానిది కావాలె. సప్లయర్ ఆ వస్తువును మోస్తడు. అతను కూడా నీళ్లు ముట్టే కులం కావాలె. కడిగే చేయి ఎవరిదైనా ఫరవాలేదు, ఎందుకంటే అది తినే ముందు వస్తువును తాకదు, తిన్న తర్వాతి ఎంగిలిని తాకుతది. అక్కడ కూడా ఒక కిటుకు ఉన్నది. దళిత పిల్లవాడు కడిగిన గ్లాసును మళ్లీ ఒకసారి వేడినీళ్లలో ముంచి తీస్తే చాలు, అది అందరిదీ అయితది. గ్లాసుకు శుద్ధి ఉన్నది, చేతికి లేదు.

పని వేళలు చూడండి. తొలి బస్సు కంటే ముందే పొయ్యి అంటుకోవాలె. కడిగే పోరడు అందరికంటే ముందు లేస్తడు, బొగ్గు తెస్తడు, నీళ్లు నింపుతడు. ఆఖరి బస్సు పోయినంక అందరికంటే వెనక పడుకుంటడు. బూడిద, సోడాతో వేళ్ల సందులు పగులుతయి. జీతం నెలకు చెప్పిందే గానీ చేతికి వచ్చేది పండుగకో, తండ్రి వచ్చి అడిగినప్పుడో. పగిలిన గ్లాసు లెక్క మాత్రం ఏ రోజుకారోజు. పిలుపులు కూడా మెట్లే. పొయ్యి దగ్గరి మనిషిని సేటు కూడా 'మాస్టర్' అంటడు, సప్లయర్‌ను పేరు పెట్టి పిలుస్తడు, తొట్టి దగ్గరి వానికి 'అరే పోరా' తప్ప పేరు లేదు.

అయినా ఈ మనుషుల మధ్య ఉన్నది కులం ఒక్కటే అంటే అది కూడా అబద్ధమే. రాత్రి బెంచీలు కలిపి పక్కపక్కన పడుకున్నరు. మిగిలిన బజ్జీలు పంచుకున్నరు. పోరనికి జ్వరమొస్తే సప్లయర్ రెండు పనులు చేసిండు. 'అన్నా', 'కాకా' అని పిలుచుకున్నరు. కులం దాచుకొని పనిలో చేరిన పిల్లల సంగతి ఈ పట్టణాల్లో కొత్తది కాదు. ఇంటి పేరు చెప్పరు, వాడ పేరు చెప్పరు. తోటి పనివాడు పసిగట్టినా సేటుకు చెప్పకపోతే అది స్నేహం. చెప్పితే ఆ రోజుతో పని బంద్. పేదవాళ్ల ఐక్యత అంటే ఏమిటో, అది ఎక్కడ తెగిపోతదో, ఈ ఒక్క రహస్యం చుట్టూ తెలిసిపోతది. స్నేహం బెంచీ మీద పుడుతది, పొయ్యి దగ్గర ఆగిపోతది. సప్లయర్ మాస్టర్ కావచ్చు. కడిగే పోరడు సప్లయర్ కావాలంటే మాత్రం పనితనం ఒక్కటే సరిపోదు.

నోటి తడి, నేతపని

ఎంగిలి అన్నది హోటల్‌కే పరిమితమైన ముచ్చట కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరాని కులాల కార్మికులను నేత విభాగంలోకి రానివ్వలేదు. కారణం, నాడెలో దారం ఎక్కించడానికి నోటితో పీల్చాల్సి రావడం. దళితుని నోటి తడి తగిలిన నాడెను మిగతా కార్మికులు ముట్టమన్నరు. ఎక్కువ కూలి వచ్చే పని అట్ల చేజారింది. 1928 మిల్లు సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ ప్రశ్నను కార్మిక నాయకుల ముందు పెట్టిండు. 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో మాట్లాడుతూ బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుల శత్రువులేనన్నడు.

సిరిసిల్లకు ఈ చరిత్ర దూరం కాదు. ఇక్కడి పద్మశాలీలు భీవండికి, షోలాపూర్‌కు, బొంబాయికి వలసపోయిండ్రు, మరమగ్గాల పని నేర్చి తిరిగొచ్చిండ్రు. పన్నెండు గంటల షిఫ్టులు, మగ్గాల మోత, అప్పులు. 1990ల చివరి నుంచి ఆకలి చావులు, ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు దేశమంతా వినబడింది. ఆ దుఃఖాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. సాంచెల మధ్య చాయ్ పంచే పోరడు కూడా ఆ పరిశ్రమలో భాగమేనన్నది మా మాట. సాంచెకాడి మనిషి నిద్ర ఆపుకొనేది ఆ చాయ్‌తోనే. కానీ మరమగ్గాల సంక్షోభం గురించి రాసిన వాటిలో ఆ పోరడు లెక్కకు రాలేదు. మగ్గాలు ఆగితే హోటల్ ఉద్దెర ఖాతా మునుగుతది. ఖాతా మునిగితే మొదలు పోయేది కడిగేవాని జీతమే.

చేతులు ఆగితే ఏమైతదో తెలిసిన నేల

1978 సెప్టెంబర్ 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర ఈ నేల చరిత్రను మార్చింది. వెట్టి బంద్ కావాలన్నరు, కూలి పెరగాలన్నరు, దొరలు వసూలు చేసిన దండుగలు వాపసు ఇయ్యాలన్నరు, ఆక్రమించిన భూములు విడవాలన్నరు. రైతుకూలీ సంఘాలు దొరలను సాంఘికంగా బహిష్కరించినయి. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాండ్లు పనికి పోలేదు. దొర గడి నడిచేది దొర పెద్దరికంతో కాదనీ, ఈ చేతులతోననీ లోకానికి తెలిసింది. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఈ పోరాటంలో మాల మాదిగలు ముందు వరుసలో ఉన్నరు. కానీ భూమి, కూలి ప్రశ్న పరిష్కారమైతే అంటరానితనం దానంతట అదే పోతదన్న నమ్మకం ఆ కాలపు రాజకీయాల్లో బలంగా ఉండె. 1985 జులై 17న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగాదా, 1991 ఆగస్టు 6 చుండూరుకు ముందు సినిమా హాల్లో కాలు తగిలిన తగాదా ఆ నమ్మకాన్ని పగలగొట్టినయి. నీళ్లు, సీటు, గ్లాసు కూడా భూమి అంత పెద్ద ప్రశ్నలేనని దళిత ఉద్యమం చెప్పింది. 1998లో ఏర్పడ్డ కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం రెండు గ్లాసుల మీద ఊరూరా కొట్లాడింది. జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో ఇచ్చిన నివేదిక అంటరానితనం రాష్ట్రంలో ఇంకా బతికే ఉన్నదని తేల్చింది.

చట్టం ఎక్కడి దాకా చూసింది

1955 నాటి అంటరానితన నేరాల చట్టం హోటల్‌లోకి రానివ్వకపోవడాన్నీ, పాత్రలు వాడనివ్వకపోవడాన్నీ నేరం చేసింది. 1976లో దానికి పౌరహక్కుల రక్షణ చట్టం అని పేరు మార్చి, ఉద్యోగం ఇయ్యకుండా అడ్డుకోవడాన్ని కూడా చేర్చిండ్రు. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణతో అట్రాసిటీ చట్టంలోకి కూడా ఈ నేరాలు వచ్చినయి. అంటే కాగితం మీద పొయ్యి దగ్గరి వివక్ష కూడా నేరమే. ఆచరణలో చూసింది మాత్రం గ్లాసునే. నెలనెలా పౌరహక్కుల దినం పేరుతో అధికారులు ఊరికి వచ్చిండ్రు, దళితులతో కలిసి చాయ్ తాగిండ్రు, జీపెక్కి పోయిండ్రు. ఆ చాయ్ ఎవరు పెట్టిండ్రని అడగలేదు. 2006 అక్టోబర్ 10 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలను హోటళ్లలో, చాయ్ దుకాణాల్లో పెట్టుకోవద్దన్న నిషేధం వచ్చింది. అది అవసరమైనదే. ఆ నిషేధం కూడా పిల్లల వయసును అడిగింది, వాళ్లు ఏ వాడ నుంచి వచ్చిండ్రో అడగలేదు.

పొయ్యి ప్రశ్నను సూటిగా తాకింది మధ్యాహ్న భోజనమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం 2003 జనవరిలో మొదలైంది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇయ్యాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. దళిత మహిళ వండితే పిల్లలను తిననీయమన్న తల్లిదండ్రుల గొడవలు దేశంలో ఎన్నో చోట్ల బయటపడ్డయి. కులానికి నొప్పి తగిలేది ఎక్కడనో అక్కడ తెలిసింది.

కాగితం గ్లాసు చేసిన మాయ

ఇప్పుడు చూరులో గ్లాసు అరుదు. ప్లాస్టిక్, కాగితం గ్లాసులు వచ్చినయి. అందరికీ ఒకే గ్లాసు, తాగి పారేయడమే. కరోనా కాలం దాన్ని మరింత స్థిరపరిచింది. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని సంతోషించేవాళ్లను మేము ఒకటే అడుగుతున్నం. ఎంగిలి పంచుకొనే ధైర్యం వచ్చిందా, ఎంగిలి పంచుకోవాల్సిన అవసరమే పోయిందా? కాగితం గ్లాసు కులాన్ని ఓడించలేదు, దానికి మొఖం చాటేసే వీలు ఇచ్చింది. అదే సమయంలో కడిగే పని తగ్గి, హోటల్‌లో దళితునికి ఉన్న ఆ ఒక్క జాగ కూడా కుంచించుకుపోయింది.

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు 1966 చట్టం ఆసరాతో గుర్తింపు కార్డు, పీఎఫ్ కోసం కొట్లాడి సాధించుకున్నరు. అదే వాడలో హోటల్ బాసన్లు తోమే ఆమెకు ఏ కార్డూ లేదు. నలుగురు పనిచేసే జాగలో సంఘం నిలబడలేదు. గల్ఫ్‌కు పోయిన మన పిల్లలు క్యాంపు గదుల్లో అన్ని కులాలవాళ్లతో ఒకే కుండలో వండుకొని తిన్నరు. తిరిగొచ్చి సొంత ఊర్లో హోటల్ పెట్టాలంటే మాత్రం 'గిరాకీ వస్తదా' అన్న భయం. రెడ్డి పేరుతో, బ్రాహ్మణ పేరుతో బోర్డులు చూసినం. మాదిగ పేరుతో హోటల్ బోర్డు ఎక్కడ చూసినం? 1957లో మద్రాసులో ఒక హోటల్ బోర్డు మీది 'బ్రాహ్మణ' అనే మాట తీయించడానికి పెరియార్ పెద్ద ఆందోళన నడిపిండు. అది మాట మీద గొడవ కాదు, ఎవరి చేతి వంటకు విలువ అన్న గొడవ.

అమెరికాలో గ్రీన్స్‌బరో పట్టణంలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు ఉల్వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకే కేటాయించిన భోజన బల్ల దగ్గర కూర్చున్నరు. జులై 25న ఆ బల్ల అందరికీ తెరుచుకున్నప్పుడు మొదట కూర్చొని తిన్నది ఆ దుకాణంలోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులు. అక్కడ నల్లచేయి వండొచ్చు, కూర్చోవద్దు. మన దగ్గర తలకిందులు. ఇప్పుడు కూర్చోవచ్చు, వండొద్దు. వాళ్ల పోరాటం బల్ల కోసం. మన పోరాటం బల్ల దగ్గర ఆగితే సగమే.

అందుకే విద్యార్థులను, ఉపాధ్యాయులను, కార్యకర్తలను మేము కోరేది ఒకటి. మీ ఊరి హోటల్ గురించి రాయండి. గల్లా మీద ఎవరు, పొయ్యి దగ్గర ఎవరు, తొట్టి దగ్గర ఎవరు? ఎవరు ముందు తింటరు, ఎవరు ఎక్కడ పడుకుంటరు, ఎవరిని ఏమని పిలుస్తరు? కడిగేచోట చేరిన మనిషి పదేళ్ల తర్వాత ఎక్కడ తేలిండు? మాల మాదిగల మధ్య, దళితులకూ బీసీలకూ మధ్య ఈ మెట్లు ఎట్ల ఉన్నయో కూడా దాచకుండా రాయండి. గ్లాసు ఒకటైన ఊరును అంటరానితనం లేని ఊరని ప్రకటించడం మానేద్దాం. మాదిగ ఆడమనిషి పొయ్యి మీద కాచిన చాయ్ కోసం ఊరంతా పైసలు పట్టుకొని నిలబడ్డ నాడు ఆ మాట అందాం.