ఫైబర్ కేబుల్: లాభాలేంటి, నష్టాలేంటి?

ఆప్టికల్ ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు తీగ. ఇందులో డేటా కాంతి రూపంలో వెళ్తుంది.

లాభాలు: స్పీడ్ ఎక్కువ. రాగి ఈథర్‌నెట్ కేబుల్‌ను మామూలుగా 100 మీటర్లకు మించి లాగరు. ఫైబర్ సిగ్నల్ మధ్యలో బూస్టర్ లేకుండానే పదుల కిలోమీటర్లు పోతుంది. పక్కన కరెంటు తీగలున్నా సిగ్నల్ చెడదు. అందుకే ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగడం వీలైంది.

నష్టాలు: బాగా వంచితే కాంతి బయటికి పోయి సిగ్నల్ పడిపోతుంది. తెగితే మెలిపెట్టి టేపు చుడితే సరిపోదు. స్ప్లైసింగ్ మిషన్‌తో గాజు కొనలు కరిగించి అతకాలి. ఇంకో ముఖ్య విషయం: పాత ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే రాగి తీగలో వచ్చేది. గాజులో కరెంటు పారదు. ఇంట్లో కరెంటు పోతే నెట్‌తోపాటు ఫైబర్ ఫోన్ కూడా మూగబోతుంది. అర్ధరాత్రి 108కి ఫోన్ చేయాల్సి వస్తే? కనెక్షన్ తీసుకున్నప్పుడే రూటర్‌కు, ఫైబర్ బాక్సుకు చిన్న యూపీఎస్ పెట్టించుకోండి.