వైద్యవ్యయము - యజమానుల కర్తవ్యము

వ్యాధి మానవులకు సహజము. వ్యాధికి చికిత్స చేయించుకొనుటవలన కలుగు దారిద్ర్యము మాత్రము మానవకల్పితము. ఒక కుటుంబము పదియేండ్లు కూడబెట్టిన సొమ్ము పదిదినముల ఆసుపత్రివాసముతో హరించిపోవుట మనము నిత్యమును చూచుచున్నాము. పొలము తాకట్టుపెట్టి ప్రాణము దక్కించుకొన్నవారు కొందరు. పొలమును ప్రాణమును గూడ పోగొట్టుకొన్నవారు కొందరు. ఈ భారమును ఎవరు మోయవలెనను ప్రశ్నకు లోకమున మూడు సమాధానములు వినవచ్చుచున్నవి. రోగియే మోయవలెనని కొందరు, ప్రభుత్వము మోయవలెనని కొందరు, పని చేయించుకొను యజమాని మోయవలెనని కొందరు చెప్పుదురు. ఈ మూడవ మార్గమును అమెరికా సంయుక్తరాష్ట్రములవారు విశేషముగా నమ్ముకొనిరి. వారి యనుభవమున మేలును కీడును రెండును గలవు. మన తెలుగుబిడ్డలు లక్షలకొలది ఆ దేశమున ఉద్యోగములు చేసికొనుచు ఆ పద్ధతిక్రిందనే జీవించుచుండుటచేత, ఆ చరిత్ర మనకు పరాయిది కాదు.

యజమాని కార్మికుని వైద్యమునకు ధనమీయవలెనను నియమము దేశవ్యాప్తమైన శాసనరూపమును దాల్చినది జర్మనీలో. 1883వ సంవత్సరమున బిస్మార్కు అధికారమున చేయబడిన వ్యాధిభీమా శాసనము ప్రకారము చందాలో మూడింట రెండువంతులు కార్మికుడును, ఒకవంతు యజమానియు నియ్యవలసియుండెను. బిస్మార్కు దీనిని కేవల దయచేత చేయలేదు. కార్మికులు సామ్యవాదుల పక్షమున చేరకుండ నిలుపుట ఆయన యుద్దేశము. ఉద్దేశమేదైనను అందొక మంచి సూత్రము గలదు. ధనము యజమాని పెట్టెలో నుండదు; రోగనిధిలో నుండును. ఆ నిధుల పరిపాలనమున కార్మికులకును భాగముండెను. అమెరికాలో నట్లు జరుగలేదు. అక్కడ ఈ యేర్పాటు శాసనముచే గాక అవసరముచే, ఎవరికి తోచినట్లు వారు చేసికొనగా, అక్కడొకటి యిక్కడొకటిగా పెరిగినది.

1929వ సంవత్సరమున టెక్సాసు రాష్ట్రమునందలి డాలసు నగరములో బేలరు విశ్వవిద్యాలయపు ఆసుపత్రి ధనసంకటమున నుండెను. చికిత్స పొందినవారనేకులు సొమ్ము చెల్లింపజాలకుండిరి. ఆ సంస్థ వ్యవహారములు చూచుచుండిన జస్టిన్ ఫోర్డు కింబాల్ అనునాయన పూర్వము ఆ నగరపు పాఠశాలల కధికారిగా నుండినవాడు. బాకీదారుల పట్టికలో తనకు తెలిసిన ఉపాధ్యాయుల పేర్లు కనబడగా ఆయన యొక యుపాయమును యోచించెను. నెలకు 50 సెంట్లు ముందుగా చెల్లించు ఉపాధ్యాయునకు, అవసరమైనప్పుడు 21 దినములవఱకు ఆసుపత్రివాసము లభించును. వేయిమందికి పైగా ఉపాధ్యాయులు చేరిరి. ఇదియే తరువాత 'బ్లూ క్రాస్' అను పేర దేశమంతట వ్యాపించిన పద్ధతికి బీజము. కాని ఈ బీజములోనే యొక లోపము గలదు. ఆసుపత్రి బాకీలు వసూలగుటకు ఈ యేర్పాటు పుట్టినది. ఆసుపత్రికి పోవలసిన యవసరమును తగ్గించుటకు పుట్టినది కాదు.

ఆ రెండవ పని మఱియొకచోట జరిగెను. 1933 నాటికి కొలరాడో నదినుండి దక్షిణ కాలిఫోర్నియాకు నీరు తెచ్చు గొప్ప కాలువ త్రవ్వబడుచుండెను. ఎడారిలో దాదాపు 5,000 మంది కూలీలు పనిచేయుచుండిరి. సిడ్నీ గార్‌ఫీల్డు అను యువ శస్త్రవైద్యుడు అప్పు చేసి, డెజర్ట్ సెంటరు అను చిన్న యూరి దాపున 12 పడకల ఆసుపత్రిని నెలకొల్పెను. రోగులకు కొఱత లేదు; ధనమునకే కొఱత. పనిలో తగిలిన గాయముల చికిత్సకు భీమాకంపెనీలు సొమ్మియ్యవలసియుండియు, ఆలస్యము చేయుచు, బిల్లులను కత్తిరించుచుండెను. పనితో సంబంధము లేని జబ్బులకు చెల్లించుటకు కూలీలవద్ద డబ్బు లేదు. కొద్దికాలములోనే ఆసుపత్రి మూతపడు స్థితికి వచ్చెను.

అప్పుడు ఆ కంట్రాక్టర్ల భీమాసంస్థకు చెందిన హెరాల్డు హాచ్ అనునాయన యొక మార్గము చూపెను. గాయము తగిలిన తరువాత బిల్లు పంపుట మాని, ఒక్కొక్క కూలికి దినమునకు 5 సెంట్లచొప్పున భీమాసంస్థ గార్‌ఫీల్డునకు ముందుగనే చెల్లించును. గాయములెన్ని తగిలినను చికిత్స భారమాయనదే. తక్కిన జబ్బులకొఱకు ఇష్టమున్న కూలీలు తమ కూలినుండి మఱి 5 సెంట్లు ఇత్తురు. చూచుటకిది లెక్కల మార్పు మాత్రమే. దీని ఫలము మాత్రము చాల దూరము పోయెను. అంతవఱకు గాయములు హెచ్చినకొలది వైద్యునకు రాబడి. ఇకమీదట గాయములు తగ్గినకొలది రాబడి. గార్‌ఫీల్డు ఆసుపత్రిలో కూర్చుండుట మాని పనిస్థలములకు పోసాగెను. కూలీల పాదములలో తుప్పుమేకులు గ్రుచ్చుకొనుచుండుట చూచి ఆ మేకులను ఏరించెను. సొరంగములలో రాళ్లుపడి తలలు పగులుచుండగా, పైకప్పునకు ఆసరాలు పెట్టుడని మేస్త్రీలను ఒత్తిడి చేసెను. కత్తికంటె ముందు కన్ను పనిచేయసాగెను.

1938లో వాషింగ్టను రాష్ట్రమున గ్రాండ్ కూలీ ఆనకట్ట పనిలో హెన్రీ కైజర్ అను కంట్రాక్టరు గార్‌ఫీల్డును పిలిపించుకొనెను. చిన్నతనమున తన తల్లి తగిన వైద్యము లేక మరణించెనని కైజర్ తఱచుగా చెప్పుకొనుచుండెడివాడు. ఇక్కడ కార్మికుల భార్యాబిడ్డలకు గూడ ఈ పద్ధతి విస్తరింపబడెను. బిల్లు భయము లేకపోవుటచే తల్లులు బిడ్డలను జ్వరము తగిలిన తొలిదినములలోనే తీసికొనివచ్చుచుండిరనియు, ముదిరిన రోగములు తగ్గెననియు గార్‌ఫీల్డు తరువాత చెప్పెను. యుద్ధకాలమున, 1942లో, కాలిఫోర్నియాలోని రిచ్మండు నౌకానిర్మాణశాలలయందలి కార్మికులకు ఈ వైద్యమే యేర్పడెను. అక్కడి పనివారి సంఖ్య ఒకప్పుడు 90,000 దాపునకు పోయెను. యుద్ధము ముగియవచ్చి పనివారు చెదరిపోవుచుండగా, 1945 జూలైలో ఈ పథకము సర్వజనులకును తెఱవబడెను. ఒక యజమాని తన పనివారికై పెట్టిన దీపము ఊరికంతకును వెలుగైనది. నేటికిని అది 'కైజర్ పర్మనెంటీ' అను పేర నడచుచున్నది.

ఈ మార్పునకు వైద్యసంఘములే గట్టి ప్రతిబంధకమయ్యెను. జీతము పుచ్చుకొని కలిసి పనిచేయు వైద్యులను వృత్తిధర్మము తప్పినవారినిగా అవి చూచెను. వాషింగ్టను నగరమున ప్రభుత్వోద్యోగులు 1937లో స్థాపించుకొన్న యిట్టి సహకారసంఘమును అణచుటకు యత్నించినందులకు అమెరికను వైద్యసంఘము దోషియని తీర్పు రాగా, 1943లో సుప్రీముకోర్టు ఆ తీర్పును స్థిరపఱచెను. సంస్కరణమునకు ధనికుల ధనము మాత్రమే చాలదు, న్యాయస్థానపు అండ గూడ కావలసివచ్చునని దీనివలన తెలియును.

ఇంతలో మఱియొక సంగతి జరిగి కథను త్రిప్పివేసెను. యుద్ధకాలపు ధరల పెరుగుదలను ఆపుటకు 1942లో జీతములు పెంచరాదను నిర్బంధము వచ్చెను. భీమాసౌకర్యములకు ఆ నిర్బంధము లేదయ్యెను. జీతము పెంచలేని యజమానులు పనివారిని ఆకర్షించుటకు వైద్యభీమాను చూపసాగిరి. 1954 నాటి పన్నుశాసనము యజమాని చెల్లించు భీమాచందాపై ఉద్యోగికి పన్ను లేదని స్థిరపఱచెను. అప్పటినుండి యజమాని గార్‌ఫీల్డువంటి వైద్యుని వెదకుట గాక, వచ్చిన బిల్లును చెల్లించు భీమాను కొనుటయే సామాన్యమయ్యెను. చేసిన పరీక్షకొక ధర, పడుకొన్న దినమునకొక ధర. ఎంత చేసిన నంత రాబడి. రోగికి ధర తెలియదు, వైద్యునకు ధరతో పనిలేదు, యజమానికి పన్ను తగ్గును. ముగ్గురికిని కనబడని ఖర్చు పెరుగక యేమగును?

1960లో ఆ దేశపు సర్వోత్పత్తిలో నూటికి 5 వంతులు వైద్యమునకు వ్యయమయ్యెను. 2023లో నూటికి 17.6 వంతులు. ఉద్యోగముద్వారా లభించు కుటుంబభీమా సగటు చందా 1999లో 5,791 డాలర్లుండగా 2024లో 25,572 డాలర్లాయెను. ఇందధికభాగమును యజమాని యిచ్చుచున్నాడని ఉద్యోగి సంతోషించును. ఆ సొమ్ము చాలవఱకు తన జీతమునకు రావలసిన పెరుగుదలయేయని ఆర్థికశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కుడిచేతితో నిచ్చినది ఎడమచేతితో తీసికొనబడుచున్నది.

మేలుకొన్న యజమానులు రెండు మార్గములు త్రొక్కిరి. మొదటిది ఖర్చులో కొంతభాగమును ఉద్యోగిపై త్రోయుట. 1970 తరువాతి దశకమున ర్యాండు సంస్థ జరిపిన గొప్ప పరీక్షవలన దీని గుణదోషములు తేలినవి. చేతిసొమ్ము పెట్టవలసివచ్చినప్పుడు జనులు వైద్యునివద్దకు పోవుట తగ్గింతురు. కాని అనవసర చికిత్సతోపాటు అవసర చికిత్సను గూడ మానుకొందురు. రక్తపుపోటుగల బీదవారికి దీనివలన హాని కలిగెను. రెండవది తెలిసి కొనుట. కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల సంస్థ తుంటికీలు, మోకాలికీలు మార్చు చికిత్సకు ఒకచోట 15,000 డాలర్లును, మఱియొకచోట లక్షకు పైగాను తీసికొనుచుండుట గమనించి, తాము 30,000 డాలర్లకు మించి యియ్యమని 2011లో ప్రకటించెను. అనేక ఆసుపత్రులు తమ ధరలు తగ్గించుకొనెను.

అయినను ధనబలమే చాలునని తలచువారికొక హెచ్చరిక గలదు. 2018లో అమెజాన్, బెర్క్‌షైర్ హాత్‌వే, జేపీ మోర్గన్ అను మూడు మహాసంస్థలు కలిసి వైద్యవ్యయమును అరికట్టెదమని 'హేవెన్' అను సంస్థను స్థాపించి, ప్రసిద్ధ వైద్యుడును రచయితయునగు అతుల్ గవాండేను దానికధిపతిగా నియమించెను. మూడేండ్లలో, 2021లో, అది మూతపడెను. ఈ మూడు సంస్థల ఉద్యోగులు దేశమంతట చెదరియుండుటచే, ఏ యొక్క ఊరిలోను అక్కడి ఆసుపత్రిని ఒప్పింపదగినంత బలము వారికి లేకపోయెను. ఎడారిలోని గార్‌ఫీల్డునకు రోగులందరు నొక్కచోట నుండిరి; అదియే ఆయన బలము.

ఈ పద్ధతిలో అన్నిటికంటె కఠినమైన దోషము వేఱొకటి గలదు. ఉద్యోగము పోయినచో వైద్యము గూడ పోవును. 1986లో చేయబడిన శాసనము ప్రకారము ఉద్యోగము పోయినవాడు సాధారణముగా 18 నెలలవఱకు పాత భీమాను నిలుపుకొనవచ్చును; కాని యజమాని వంతును గూడ తానే చెల్లించుకొనవలెను. జీతములేనివాడు ఇరువురి చందా యెట్లు కట్టగలడు? పరదేశమున నున్న మన పిల్లలు ఇష్టములేని కొలువును విడువలేకపోవుటకు బిడ్డ జబ్బో, ఇల్లాలి ప్రసవమో కారణమగుట గలదు. యజమాని చేయు ఉపకారము దాస్యపు సంకెల కారాదు.

మన దేశమున 1944లో ఆచార్య అదార్కరు సమర్పించిన నివేదికపై 1948లో ఉద్యోగుల రాజ్యభీమా శాసనము చేయబడెను; 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూగారు పథకమును ప్రారంభించిరి. ఇది జర్మనీ మార్గము: ఇరువురి చందాయు నొక్క నిధిలో చేరును. 2019లో యజమాని వంతు జీతములో నూటికి 3.25గాను, కార్మికుని వంతు 0.75గాను నిర్ణయింపబడెను. సూత్రము మంచిదే. అయితే ఆ శాసనము మొదట కర్మాగారములకును, తరువాత దుకాణములు మొదలగువానికిని వర్తించినదిగాని, పొలములలోని కూలీలకును, ఇండ్లలోని పనివారికిని వర్తింపలేదు.

ఈ చరిత్రవలన యజమాని కర్తవ్యము తేటపడుచున్నది. వ్యాధికారణమును పనిస్థలముననే తొలగించుట మొదటిది. బిల్లునకు గాక ఆరోగ్యమునకు ధనమిచ్చు ఏర్పాటు చేయుట రెండవది. తోటి యజమానులతో కలిసి ధరలను బహిరంగపఱచుమని అడుగుట మూడవది. తన కొలువుతో అంతరింపని ఉమ్మడినిధిని బలపఱచుట నాల్గవది. ఇవి మిల్లుల యజమానులకే చెప్పిన మాటలని చదువరులు తలపరాదు. మన యింట అంట్లు తోమునామెకును, వంట చేయునామెకును, బండి తోలువానికిని మనమే యజమానులము. ఆమెకు జ్వరము వచ్చిన దినమున జీతము కోయకుండుట, తడిసి జాఱు గచ్చును సరిచేయించుట, ఆమె పేర నెలకింత ముందుగా కట్టుట, ఇరుగుపొరుగువారు నాలుగిండ్లు కలిసినచో అసాధ్యము కాదు. గార్‌ఫీల్డు పని దినమునకు 5 సెంట్లతోను, ఎడారిలో ఏరిన మేకులతోను మొదలయ్యెను.