ఇటలీలో దిగాక 8 పనిదినాలే టైమ్.. ఈ పని మర్చిపోతే చిక్కే!

టోలిచౌకి నుంచి ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ మీద బొలోనియా, మిలాన్ వెళ్తున్నారా? వీసా వచ్చేసింది కదా అని రిలాక్స్ అవ్వొద్దు. 90 రోజులు దాటి ఉండేవాళ్లకు టైప్-డి వీసా ఒక్కటే సరిపోదు. ‘పెర్మెస్సో ది సొజోర్నో’ అనే రెసిడెన్స్ పర్మిట్ కూడా ఉండాలి. దానికి ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోపే అప్లై చేయాలి.

ఎలా అప్లై చేయాలి?
ఎంపిక చేసిన పోస్టాఫీసుల్లో ‘కిట్’ పేరుతో ఫారాల కవర్ ఇస్తారు. అవి నింపి, 16 యూరోల స్టాంపు అంటించి, పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్, ఇన్సూరెన్స్ కాపీలతో అక్కడే ఇవ్వాలి. ఫీజులు వేరుగా ఉంటాయి. తర్వాత వేలిముద్రల కోసం పోలీస్ ఆఫీసు ‘క్వెస్తూరా’కు వెళ్లాలి.

రసీదు జాగ్రత్త!
కార్డు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా అప్లై చేసినట్టు ప్రూఫ్ పోస్టాఫీసు రసీదే. అది పోగొట్టుకోవద్దు.

ఇవీ గుర్తుంచుకోండి
* ‘కోదిచే ఫిస్కాలే’: మన పాన్ లాంటి 16 అక్షరాలు, అంకెల కోడ్. రూమ్ అగ్రిమెంట్‌కు, బ్యాంక్ ఖాతాకు అడుగుతారు.
* రూమ్: ఓనర్ 48 గంటల్లో మీ వివరాలు అధికారులకు తెలపాలి. ఆ కాపీ అడిగి తీసుకోండి.
* పార్ట్‌టైమ్: స్టడీ పర్మిట్‌పై వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటల వరకే.