అనుశయం నుంచి ‘ఆర్డరు రద్దు’ దాకా: వాపసు హక్కు చరిత్ర

ఈ పాఠ్యాంశం మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో ఉన్న పాత బిల్లు ఒకటి తీసి చూడండి. బట్టల దుకాణం బిల్లయినా సరే, మిక్సీ కొన్న బిల్లయినా సరే. అడుగున చిన్న అక్షరాలలో ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు’ అనే వాక్యం చాలా బిల్లుల మీద ఉంటుంది. అచ్చులో ఉంది కాబట్టి అది చట్టమేనని మనలో చాలామంది నమ్ముతాం. నిజానికి అది వ్యాపారి తన కోసం వేయించుకున్న మాట మాత్రమే. ఆ మాటకు ఎంత బలం ఉందనే ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో సమాధానం దొరికింది. ఆన్‌లైన్‌లో ఇచ్చిన ఆర్డరును రద్దు చేయడానికి అమ్మకందారు ఒప్పుకోనప్పుడు మనకు ఏ హక్కు ఉందో తెలియాలంటే ఆ సమాధానాలన్నీ తెలిసి ఉండాలి.

ఒక తేడాను మొదటే గుర్తుపెట్టుకోండి. సరుకులో లోపం ఉంది కాబట్టి వాపసు ఇవ్వడం ఒక విషయం. సరుకు బాగానే ఉన్నా మనసు మారి వద్దనుకోవడం ఇంకొక విషయం. జవాబు పత్రాలలో విద్యార్థులు ఈ రెండింటినీ కలిపేయడం నేను ఏళ్ల తరబడి చూశాను. వినియోగదారులు, వ్యాపారులు కూడా అదే పొరపాటు చేస్తారు.

మనసు మారడానికి గడువు

ధర్మశాస్త్రాలు వ్యాజ్యాలను పద్దెనిమిది రకాలుగా విభజించాయి. వాటిని వ్యవహారపదాలు అంటారు. అందులో ఒకదాని పేరు క్రయవిక్రయానుశయం. అనుశయం అంటే పశ్చాత్తాపం. కొన్నవాడికి గానీ అమ్మినవాడికి గానీ తర్వాత ‘అయ్యో’ అనిపిస్తే ఏం చేయాలన్నదే ఈ శీర్షిక కింద వచ్చే చర్చ. మనుస్మృతి పది రోజుల లోపల సరుకు తిరిగి ఇవ్వవచ్చు, తిరిగి పుచ్చుకోవచ్చు అంటుంది. అర్థశాస్త్రం వృత్తిని బట్టి గడువు మారుస్తుంది: వర్తకులకు ఒక రాత్రి, సేద్యం చేసేవారికి మూడు రాత్రులు, పశుపాలకులకు ఐదు రాత్రులు. ధరలు తెలిసిన వర్తకుడికి ఆలోచించుకోవడానికి ఎక్కువ సమయం అక్కరలేదని దీని భావం అయి ఉండవచ్చు.

నారదస్మృతి లెక్క మరీ ఆసక్తికరం. కొన్న రోజే, చెడగొట్టకుండా తిరిగి ఇస్తే పూర్తి ధర వస్తుంది. రెండో రోజు ఇస్తే ధరలో ముప్పయ్యో వంతు పోతుంది. మూడో రోజు అంతకు రెట్టింపు పోతుంది. ఆ తర్వాత సరుకు కొన్నవాడిదే. నేటి మాటల్లో ఇది ‘రద్దు రుసుము’. గమనించండి, ఆ రుసుము రోజును బట్టి పెరుగుతుంది గానీ ధర మొత్తాన్ని మింగేయదు.

యాజ్ఞవల్క్యస్మృతి సరుకును బట్టి పరీక్షాకాలం నిర్ణయించింది. విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువులు లాగే పశువులకు ఐదు రోజులు, రత్నాలకు ఏడు రోజులు, పాడి పశువులకు మూడు రోజులు. విత్తనం మొలకెత్తితే గానీ దాని గుణం తెలియదు, గేదె నాలుగు పూటలు పాలిస్తే గానీ బేరగాడి మాట నిజమో కాదో తేలదు. రైతు కుటుంబాల నుంచి వచ్చిన మీకు దీన్ని వివరించనక్కరలేదు. అదే జాబితాలో దాసీకి నెల రోజులు, దాసుడికి పదిహేను రోజులు పరీక్షాకాలం ఉంది. మనుషులను కూడా సరుకుగా చూసిన సమాజం అది. ఆ భాగాన్ని దాటవేసి మిగిలినదాన్ని మెచ్చుకోవడం చరిత్ర చదివే పద్ధతి కాదు. ఈ గ్రంథాలు ఎలా జరగాలో చెప్పాయే తప్ప ప్రతి సంతలోనూ అలాగే జరిగిందనడానికి సాక్ష్యం కావు. అయినా కొనుగోలు తర్వాత మనసు మారడం చట్టం పట్టించుకోవలసిన విషయమేనన్న ఆలోచన ఇక్కడ పాతదే. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ రచించాడు. న్యాయశాస్త్రం తెలుగు పద్యంలోకి వచ్చింది అప్పుడే.

కొనేవాడే చూసుకోవాలి

ఆంగ్లేయుల పాలనలో ఈ ఆలోచన పక్కకు పోయింది. ‘కొనేవాడే జాగ్రత్త పడాలి’ అన్నది ఇంగ్లండు న్యాయసూత్రం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో సరుకుల అమ్మకం ఒక అధ్యాయంగా ఉండేది. దాన్ని విడదీసి 1930లో సరుకుల విక్రయ చట్టం చేశారు. నాణ్యత విషయంలో అమ్మకందారు మాట ఇవ్వకపోతే చట్టం తనంతట తాను ఆ మాటను చేర్చదని 16వ సెక్షను సాధారణ నియమంగా చెబుతుంది. మినహాయింపులు లేకపోలేదు. వర్ణన చూసి కొన్న సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి, నమూనా చూసి కొన్నది నమూనాకు సరిపోవాలి. సరుకును పరిశీలించుకునే అవకాశం కొనుగోలుదారుకు ఇవ్వాలని 41వ సెక్షను అంటుంది. ఈ చట్టం వెనుక ఉన్న దృశ్యాన్ని ఊహించుకోండి: కొనేవాడు, అమ్మేవాడు, సరుకు ఒకే చోట ఉన్నారు. పశువుల సంతలో ఎద్దు పళ్లు పట్టి చూసి కొన్నవాడికి ఈ సూత్రం అన్యాయం చేయదు.

ఆ దృశ్యం మాత్రం 1930 కంటే ముందే చెదిరిపోయింది. తపాలా శాఖ 1877లోనే వి.పి.పి. ప్రవేశపెట్టింది. ఎక్కడో ఉన్న వ్యాపారి పొట్లం పంపుతాడు, పోస్ట్‌మన్ దాన్ని మన గడపకు తెస్తాడు, డబ్బు కట్టాకే మనం పొట్లం విప్పాలి. ఇప్పటి ‘క్యాష్ ఆన్ డెలివరీ’కి ఇది ముత్తాత. నేను ఆరో తరగతిలో ఉండగా మా నాన్నగారు పత్రికలో ప్రకటన చూసి ఇలాగే ఒక ట్రాన్సిస్టరు తెప్పించారు. ఊళ్లో సగం మంది అరుగు మీద చేరారు. పెట్టె విప్పితే పైన గుండీలు ఉన్నాయి, బ్యాటరీలు పెట్టే గూడు ఉంది, పాడే భాగమే లేదు. నాన్నగారు మూడు ఉత్తరాలు రాశారు, ఒక్కదానికీ జవాబు రాలేదు. తెలిసిన వకీలుగారు ‘మాస్టారూ, దావా వేస్తే మనమే గెలుస్తాం. కానీ ఆ ఖర్చుతో మీరు రెండు రేడియోలు కొనుక్కోవచ్చు’ అన్నారు. ఆ పెట్టెలో మా అమ్మ చాలాకాలం సూదులు, దారాలు పెట్టుకుంది.

వకీలుగారు చెప్పింది ఒక కుటుంబం సంగతే కాదు. హక్కు కాగితం మీద ఉంది, దాన్ని సాధించుకునే దారి ఖరీదు సరుకు ధరను మించిపోయింది. ఆ తర్వాత వచ్చిన వినియోగదారుల చట్టాలు ముఖ్యంగా తగ్గించింది ఈ ఖరీదునే.

1986, ఆ తర్వాత

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ వినియోగదారులకు నాలుగు హక్కులు ప్రకటించాడు: భద్రత, సమాచారం, ఎంపిక, తమ మాట వినిపించుకునే హక్కు. ఆ నాలుగింటిలో పరిహారం పొందే హక్కు లేదు. మన దేశంలో 1969 నాటి ఎం.ఆర్.టి.పి. చట్టంలోకి 1984 సవరణతో ‘అనుచిత వ్యాపార విధానం’ అనే భావన ప్రవేశించింది. 1985లో ఐక్యరాజ్యసమితి వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలను ఆమోదించింది. 1986 డిసెంబరు 24న మన వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అది ఆరు హక్కులను పేర్కొంది, వాటిలో పరిహారం పొందే హక్కు ఒకటి. జిల్లా ఫోరంలో మొదట్లో రుసుము కూడా లేదు, వకీలు తప్పనిసరి కాదు. అయితే ఫిర్యాదును ఎదుటి పక్షం ఉన్న చోట గానీ, ఆ పక్షం శాఖ ఉన్న చోట గానీ, వివాదానికి కారణం ఏర్పడిన చోట గానీ వేయాలి. దూరపు వ్యాపారి ‘మా మీద కేసు మా ఊళ్లోనే వేయాలి’ అని వాదించడానికి ఇది అవకాశం ఇచ్చింది. 2019లో వచ్చిన కొత్త చట్టం 34వ సెక్షను ఫిర్యాదీ నివసించే చోట కూడా ఫిర్యాదు వేయవచ్చని స్పష్టం చేసింది. నా దృష్టిలో ఆ చట్టంలో సామాన్యుడికి ఎక్కువగా పనికొచ్చేది ఈ ఒక్క మార్పే.

అదే చట్టం బిల్లు అడుగున ఉన్న వాక్యానికి కూడా జవాబు చెప్పింది. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార విధానం అవుతుంది. ‘లోపం ఉన్న’ అనే మాట కింద గీత పెట్టుకోండి.

యూరపులో తిరిగి వచ్చిన అనుశయం

లోపం లేకపోయినా వద్దనే హక్కు ఆధునిక కాలంలో ఇంటింటికీ తిరిగి అమ్మేవారి వల్ల పుట్టింది. గుమ్మంలో నిలబడి మాటలతో ఒప్పించే అమ్మకందారు వెళ్లిపోయాక గృహస్థు తీరిగ్గా ఆలోచించుకోవాలి కదా. యూరపు సముదాయం 1985లో ఇలాంటి అమ్మకాలకు ఏడు రోజుల గడువు ఇచ్చింది. దూరం నుంచి జరిగే అమ్మకాలకు 1997లో దాన్ని విస్తరించింది. 2011 ఆదేశం ఆ గడువును 14 రోజులకు పెంచింది, 2014 జూన్ 13 నుంచి అది అమలులోకి వచ్చింది. కారణం చెప్పనక్కరలేదు. చెడిపోయే సరుకులు, మన కొలతలకు ప్రత్యేకంగా చేయించినవి వంటి వాటికి మినహాయింపు ఉంది. 2010లో హైన్రిష్ హైనె అనే జర్మన్ సంస్థ కేసులో యూరపు న్యాయస్థానం, ఆర్డరును ఉపసంహరించుకున్న వినియోగదారు నుంచి సరుకు పంపిన ఖర్చు వసూలు చేయరాదని తీర్పు ఇచ్చింది. ఖర్చుకు భయపడి హక్కు వాడుకోకపోతే అది హక్కే కాదన్నది అందులోని తర్కం.

మనువు పది రోజులకు, యూరపు పద్నాలుగు రోజులకు పోలిక ఉంది. ఒకదాని నుంచి మరొకటి వచ్చిందని మాత్రం పరీక్షలో రాయకండి.

మన దేశంలో నేడు

2020 జూలై 23న ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. సరుకు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన తేదీకి రాకపోయినా అమ్మకందారు వాపసు తీసుకోవాలి, డబ్బు ఇవ్వాలి. ప్రకృతి వైపరీత్యం వంటి కారణంతో ఆలస్యమైతే మాత్రం మినహాయింపు. ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి. రద్దు విషయంలో నియమం ఒక తూకం పెట్టింది: సంస్థ తానే ఆర్డరును రద్దు చేసినప్పుడు అలాంటి రుసుము తానూ భరించకపోతే, మన దగ్గర రద్దు రుసుము వసూలు చేయరాదు.

ఇందులో లేనిది ఏమిటో చూశారా? మనసు మారితే రద్దు చేసుకునే సాధారణ హక్కు. తెరపై కనిపించే ‘ఏడు రోజులలో వాపసు’ చట్టం ఇచ్చింది కాదు, అమ్మకందారు ఇచ్చిన మాట. ఇచ్చాక దానికి అతను కట్టుబడాలి, అది వేరే సంగతి. మన శాసనకర్తలకు ఈ ఆలోచన తెలియక కాదు. జీవిత బీమా పాలసీ అందాక 15 రోజులలో వద్దనే వీలు 2002 నుంచే ఉంది, 2024లో దాన్ని 30 రోజులు చేశారు. బీమాకు ఉన్నది బీరువాకు ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

బీరువా అని ఊరికే అనలేదు. రెండేళ్ల క్రితం ఒక పుస్తకాల బీరువాకు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టాను. గంట తర్వాత గది కొలిస్తే అది పట్టదని తేలింది. సరుకు ఇంకా గిడ్డంగి కదలలేదు, అయినా ‘ఈ ఆర్డరు రద్దుకు వీలు లేదు’ అనే జవాబు వచ్చింది. అప్పుడు ఆ సంస్థ షరతులు మొత్తం చదివాను. అందులో ఒక వాక్యం: ఆర్డరు అనేది కొనుగోలుదారు చేసే ప్రతిపాదన మాత్రమే, సరుకు పంపినప్పుడే మేము దాన్ని అంగీకరించినట్టు. పొరపాటున తక్కువ ధర చూపితే తప్పించుకోవడానికి సంస్థలు ఇలాంటి షరతు పెట్టుకుంటాయి. కానీ 1872 కాంట్రాక్టు చట్టం 5వ సెక్షను ప్రకారం, అంగీకారం తెలియజేయడం పూర్తయ్యేలోపు ప్రతిపాదనను ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు. సరుకు పంపేదాకా వారికి బాధ్యత లేకపోతే, నాకూ లేదు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి ఫిర్యాదుల అధికారికి రాశాను. పదకొండో రోజున డబ్బు వచ్చింది.

షరతులలో అలాంటి వాక్యం లేకపోతే? నిర్ధారణ సందేశంతోనే ఒప్పందం కుదిరిందని అమ్మకందారు వాదించవచ్చు, అప్పుడు మన స్థితి బలహీనమే. అప్పటికీ కాంట్రాక్టు చట్టం 73, 74 సెక్షన్ల కింద అతనికి దక్కేది సహేతుకమైన నష్టపరిహారం. సరుకూ తన దగ్గరే, ధర మొత్తమూ తన దగ్గరే ఉంచుకుంటానంటే ఆ వాదన నిలవడం కష్టమని నా అభిప్రాయం. నారదుడి ముప్పయ్యో వంతు ఇక్కడ గుర్తుకు వస్తుంది.

2019 చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విడి ఫిర్యాదులకే పరిమితం కాలేదు. ప్రమాణాలకు తగని ప్రెషర్ కుక్కర్లు తన వేదికపై అమ్ముడైనందుకు 2022లో అమెజాన్ చేత 2,265 మంది కొనుగోలుదారులకు డబ్బు వాపసు ఇమ్మని ఆదేశించింది, లక్ష రూపాయల జరిమానా వేసింది. వాపసు సొమ్మును కూపను రూపంలోనే ఇస్తున్న ఓలా సంస్థను, బ్యాంకు ఖాతాలో కావాలో కూపను కావాలో ఎంచుకునే వీలు వినియోగదారుకే ఇవ్వాలని 2024లో ఆదేశించింది. రద్దు చేసే దారిని కావాలని చిక్కుగా చేయడం వంటి 13 మోసపూరిత పద్ధతులను 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాలు నిషేధించాయి.

మీకే ఇలాంటి ఇబ్బంది వస్తే ముందు ఫిర్యాదుల అధికారికి రాసి, ఆ సందేశాన్ని భద్రపరచండి. తర్వాత జాతీయ సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్ ఉంది. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు.

అభ్యాసం: మీరు గానీ మీ ఇంట్లోవారు గానీ ఇటీవల ఆర్డరు ఇచ్చిన ఏదైనా ఒక సంస్థ షరతులను తెరిచి, ఒప్పందం ఏ క్షణాన కుదురుతుందని అందులో రాశారో ఆ వాక్యాన్ని తెలుగులో మీ నోటుబుక్కులో రాయండి. దాని కింద కాంట్రాక్టు చట్టం 5వ సెక్షను రాసి, ఆ క్షణానికి ముందు రద్దు కోరిన వ్యక్తి తరఫున పది వాక్యాలలో ఒక ఉత్తరం తయారు చేయండి.