చెరువు గర్భమున వెలసిన పేట

భూమికి విలువ దేనివలన వచ్చును? మెట్టకు వానవలన, మాగాణికి చెరువువలన అని రాచర్ల, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతముల రైతు తడుముకొనక చెప్పును. పట్టణమున ఈ జవాబు చెల్లదు. అచ్చట స్థలమునకు వెల కట్టునది మన్నును కాదు, నీరును కాదు. ఆ స్థలమున ఏమి కట్టవచ్చును, ఎంత ఎత్తు కట్టవచ్చును అని ప్రభుత్వము వ్రాసిన నిబంధన. అందులో ఒక్క వాక్యము మారినచో ఒక వీధి వీధియంతయు ధనవంతమగును. ఆ పెరిగిన విలువ ఎవరికి చేరును? దాని బరువు ఎవరిమీద పడును? ఈ ప్రశ్నలకు జవాబు వెదకువారు మదరాసులోని త్యాగరాయనగరము చరిత్రను చదువవలెను.

ఆ పేట ఒక చెరువు గర్భమున వెలసినది. కావున మొదట చెరువు మాట చెప్పవలెను. గిద్దలూరునకు దక్షిణమున, కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అచ్చట చెరువు కట్టించి, ఆ వృత్తాంతమును రాతిపై చెక్కించెను. మంచి చెరువునకు కావలసిన పన్నెండు అంగములును, వర్జింపవలసిన ఆరు దోషములును అందు పేర్కొనబడినవి. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లపాటు పనిచేసిరని కూడ అందు కలదు. ఏ భూమిని దేనికి వినియోగింపవలెనో నియమము వ్రాసికొనుట మనకు పరదేశీయులు నేర్పిన విద్య కాదని దీనివలన తెలియుచున్నది. రాచర్లకు చేరువనే, గుండ్లకమ్మకు అడ్డముగ రెండు కొండల నడుమ కట్టిన కంభము చెరువు నేటికిని నిలిచియున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము ఈ రెండు చెరువులను ప్రపంచ వారసత్వ నీటి కట్టడములలో చేర్చినది.

మదరాసు చెరువునకు ఆ భాగ్యము లేకపోయినది. నుంగంబాకమునుండి మాంబళము మీదుగ దక్షిణమునకు సాగిన ఆ పొడుగాటి చెరువు 1920 ప్రాంతమువరకు పట్టణమునకు పడమటి పొలిమేరగా నుండెను. పట్టణము క్రిక్కిరిసెను. ఉద్యోగులకును వర్తకులకును గాలి, వెలుతురు గల ఇండ్లు కావలసివచ్చెను. అప్పటికే పట్టణ నిర్మాణమను క్రొత్త శాస్త్రము ఈ దేశమునకు వచ్చియుండెను. స్కాట్లండు పండితుడు పాట్రిక్ గెడ్డిస్ 1915లో మదరాసున పట్టణముల ప్రదర్శన నేర్పాటు చేసెను. ఆయనతోబాటు పనిచేసిన లాంచెస్టరు మదరాసు పట్టణ నిర్మాణమును గూర్చి 1918లో ఒక గ్రంథము ప్రకటించెను. బొంబాయి రాష్ట్రము 1915లోనే చట్టము చేసెను. మదరాసు రాష్ట్రము 1920లో పట్టణ నిర్మాణ చట్టమును చేసికొనెను.

ఆనాడు రాచర్ల కర్నూలు జిల్లాలోనిది, కర్నూలు మదరాసు రాష్ట్రములోనిది. కావున ఈ చట్టము మనకు పరాయిది కాదు. దాని స్వరూపము క్లుప్తముగ ఇది: ఒక ప్రాంతమునకు ముందుగ పథకము వ్రాయవలెను. రోడ్లు, తోటలు, నివాసములు, అంగళ్లు ఎక్కడెక్కడ నుండవలెనో అందు గుర్తింపవలెను. దానిని ప్రకటించి, జనుల ఆక్షేపణలు విని, పిమ్మట ప్రభుత్వము మంజూరు చేయవలెను. వీటన్నింటికంటె ముఖ్యమైనది మరియొక ఏర్పాటు. పథకమువలన ఎవరి భూమి విలువ పెరుగునో వారినుండి ఆ పెరుగుదలలో కొంత భాగమును రాబట్టవచ్చునని చట్టము చెప్పెను. యజమాని చెమటోడ్చకయే, ప్రజల ధనముతో వేసిన రోడ్డువలన వచ్చిన లాభములో ప్రజలకును పాలు కలదని చట్టకర్తలు గుర్తించిరన్నమాట. ఈ సూక్ష్మమును తరువాతి తరములవారు పలుమారులు మరచిరి.

1923లో మాంబళము చెరువును ఎండగట్టుట ఆరంభమైనది. రెండు మూడేండ్లలో రోడ్లు తీర్చి, స్థలములు విభజించి, నడుమ ఉద్యానము నేర్పాటు చేసిరి. అది జస్టిసుపార్టీ పాలించుచున్న కాలము. ఆ పార్టీ స్థాపకులలో ఒకరును, మదరాసు కార్పొరేషనునకు ఎన్నికైన మొదటి అధ్యక్షుడునునైన పిట్టి త్యాగరాయశెట్టి 1925లో మరణించెను. తెలుగువాడైన ఆయన పేరే క్రొత్త పేటకు నిలిచెను. ఉద్యానమునకు పానగల్లు రాజా పేరు పెట్టిరి. ఆయన కాళహస్తిలో పుట్టిన తెలుగు జమీందారు, 1921 నుండి 1926 వరకు రాష్ట్రమునకు ప్రధానమంత్రి. ఉస్మాను రోడ్డు, గోపతి నారాయణస్వామిశెట్టి రోడ్డు మొదలగునవియు ఆనాటి ప్రముఖుల పేళ్లే. చెరువు పేరు మాత్రము మూలమూలల మిగిలినది. పశ్చిమ మాంబళమున లేక్ వ్యూ రోడ్డు కలదు, చూచుటకు చెరువు లేదు. నుంగంబాకమున ట్యాంకుబండ్ రోడ్డు కలదు, కట్ట లేదు. మిగిలిన చెరువు గర్భముననే 1976లో వళ్లువర్ కోట్టము వెలసెను.

మొదటి ముప్పది నలుబదేండ్లు ఆ పేట పెద్దమనుష్యుల నివాసము. ఇంటిచుట్టు తోట, ముందు వరండా, వెనుక బావి. తెలుగు చలనచిత్రములు మదరాసున తయారగుచున్న రోజులలో నందమూరి తారకరామారావు బజుల్లా రోడ్డునను, సావిత్రి హబీబుల్లా రోడ్డునను ఇండ్లు కట్టుకొనిరి. ఇంకను ఎందరో తెలుగువారికి అది రెండవ పుట్టినిల్లు.

అయితే 1931లో సముద్రతీరమునుండి తాంబరమువరకు విద్యుద్రైళ్లు నడువ నారంభించెను. మాంబళము స్టేషనులో దిగిన జనులకు ఎదుటనే రంగనాథన్ వీధి. జనమున్నచోట అంగడి వెలయును. నివాసములు ఒక్కొక్కటిగ బట్టల దుకాణములు, నగల దుకాణములు, పాత్రల దుకాణములు అయ్యెను. 1971లో తమిళనాడు క్రొత్త పట్టణ, గ్రామ నిర్మాణ చట్టము చేసెను. 1976లో మదరాసు మహానగరమునకు తొలి బృహత్ప్రణాళిక అమలునకు వచ్చెను. నివాసమునకు, వర్తకమునకు, పరిశ్రమకు, పంటకు వేరువేరు మండలములు గీచిరి.

ఎంత కట్టవచ్చునను లెక్కకు ఎఫ్.ఎస్.ఐ. అని పేరు. అనగా అంతస్తులన్నింటి విస్తీర్ణమును స్థలము విస్తీర్ణముతో భాగింపగా వచ్చు నిష్పత్తి. మదరాసులో ఒక గ్రౌండు స్థలమనగా 2,400 చదరపు అడుగులు. నిష్పత్తి ఒకటిన్నర అయినచో అందు 3,600 చదరపు అడుగులు కట్టవచ్చును. 2019 నిబంధనలలో సాధారణ భవనములకు దానిని రెండు చేసిరి. అదే గ్రౌండులో 4,800 అడుగులకు హక్కు వచ్చెను. స్థలము ఒక్క అంగుళమైన పెరుగలేదు. యజమాని ఒక్క ఇటుకయైన పేర్చలేదు. అయినను 1,200 అడుగుల ఆస్తి కాగితముమీద పుట్టెను. ఆ అదనపు అంతస్తులలో నుండువారికి కావలసిన నీరు, రోడ్డు, మురుగుకాలువ మాత్రము కాగితముమీద పుట్టవు.

అనుమతించినదానితో తృప్తిపడనివారును కలరు. అతిక్రమణలు పెరిగిపోగా, రుసుము చెల్లించినచో వానిని క్రమబద్ధము చేయుటకు 1998లో చట్టమును సవరించిరి. ఒక్కసారికి మాత్రమే ఇది చెల్లునని సుప్రీముకోర్టు 2000లో అంగీకరించెను. గడువును మరల మరల పొడిగింపగా 2006లో మదరాసు హైకోర్టు ఆ పొడిగింపులను కొట్టివేసెను. 2011లో అధికారులు రంగనాథన్ వీధి ప్రాంతమున అనేక దుకాణములకు సీలు వేసిరి. 2017 మే 31న ఆ పేటలో ఒక బహుళాంతస్తుల వస్త్రశాలకు నిప్పంటుకొనెను. మంటలు ఒక దినమునకు మించి ఆరలేదు. భవనమును పడగొట్టవలసివచ్చెను. భవనముచుట్టు ఖాళీ విడువవలెనను నిబంధన ఎందుకో అప్పుడు అందరికిని తెలిసెను. వానలు కూడ పాఠము చెప్పినవి. 2021 నవంబరు వానలకు త్యాగరాయనగరము వీధులు జలమయమయ్యెను. నీరు తన పాత ఇల్లు వెదకికొనెను.

ఇది మదరాసునకే పరిమితమైన కథ కాదు. చలనచిత్రములవారు హైదరాబాదునకు తరలిన పిమ్మట బంజారాహిల్సు, జూబిలీహిల్సు వారికి నివాసములైనవి. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టము హైదరాబాదున ఖాళీ స్థలమునకు 1,000 చదరపు మీటర్ల పరిమితి విధించెను. ఆంధ్రప్రదేశ్ 2008లో దాని రద్దును స్వీకరించెను. అంతకుముందే, 2006లో, అంతస్తుల నిష్పత్తిని తీసివేసి, రోడ్డు వెడల్పును, చుట్టు విడుచు ఖాళీని, ఎత్తును కొలతలుగా పెట్టిరి. కొండమీది బంగళాల స్థానమున మేడలు లేచెను.

పేట కట్టుట తప్పని ఇందువలన అనరాదు. త్యాగరాయనగరము వేలమందికి గూడు ఇచ్చెను, అంతకంటె ఎక్కువమందికి బ్రదుకుతెరువు చూపెను. చెరువును పూడ్చినవారు దుర్మార్గులు కారు. ఇండ్లు లేనివారికి ఇండ్లు చూపదలచినవారు. అయితే లాభము స్థలము గలవారికి చేరెను. ముంపు, మంట, ఇరుకు మాత్రము అందరికిని పంచబడెను. 1920 నాటి చట్టము ఈ రెంటిని సమముచేయ జూచెను. తరువాతి సవరణలు మొదటిదానిని పెంచి, రెండవదానిని ఉపేక్షించెను.

గిద్దలూరు బాటవెంటను, మార్కాపురము చుట్టును నేడు పొలములలో హద్దురాళ్లు పాతి స్థలములు విభజించుచున్నారు. కొనువాడు రోడ్డు వెడల్పు అడుగును, ధర అడుగును. ఇది పూర్వము ఏ వాగు దారి, ఏ కుంట గర్భము అని కూడ అడుగవలెను. ఆంధ్రప్రదేశ్ 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన చట్టము చెరువుల నాక్రమింపరాదని చెప్పుచున్నది. చట్టమును అమలు జరుపుట అధికారుల పని. పంచాయతీ అనుమతి కాగితమును తీసి చదువుట, ఆక్షేపణ గడువులోగా నోరు విప్పుట గ్రామస్థుల పని. పోరుమామిళ్ల శాసనకర్త ఆరు దోషములను రాతిపై చెక్కించినది రాబోవు తరములవారు చదువుటకే కదా!