కంఠసర్పి: పేరు దొరకని రోగానికి చరిత్ర ఉండదు

ఒక రోగం చరిత్ర రాయాలంటే రోగుల లెక్క కావాలి. లెక్క కావాలంటే ముందు రోగానికి పేరు ఖాయం కావాలి. ఆ పేరు ఖాయం చేసేది ప్రయోగశాల. ప్రయోగశాల అందనిచోట రోగం ఉంటుంది గాని, దానికి చరిత్ర ఉండదు. కంఠసర్పి విషయంలో యీ మాట ఎంత నిజమో మా పాలమూరు వైపు నుంచి చూస్తే బాగా తెలుస్తుంది.

డిఫ్తీరియానే మనం కంఠసర్పి అంటాము. గొంతులో తోలువంటి బూడిదరంగు పొర ఏర్పడి ఊపిరి సలపనీయదు. అంతకంటె ప్రమాదకరమైనది రక్తంలో కలిసి గుండెనూ నరాలనూ దెబ్బతీసే విషం. 1883లో క్లెబ్స్ ఆ పొరలో కడ్డీలవంటి సూక్ష్మజీవులను చూశాడు. 1884లో లోఫ్లర్ వాటిని గడ్డకట్టించిన రక్తరసం మీద విడిగా పెంచాడు. ఐతే లోఫ్లర్ గొప్పతనం పెంచడంలో కంటె అనుమానించడంలో ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఒక బిడ్డలో కూడ అదే జీవి ఆయనకు కనిపించింది. కనక జీవి కనిపించినంత మాత్రాన రోగకారణం రుజువైనదని ఆయన చెప్పలేదు. అది ఒకచోట ఉండి విషాన్ని పంపుతుండవచ్చునని ఊహించాడు. 1888లో రూ, యెర్సిన్ జీవులను వడగట్టి, మిగిలిన ద్రవంతోనే జంతువులు చనిపోతాయని చూపి ఆ ఊహను నిజం చేశారు. 1890లో బేరింగ్, కిటసాటో విరుగుడుకు దారి చూపారు.

ఆ అనుమానమే నేటికీ ప్రయోగశాలకు ప్రాణం. గొంతునుంచి దూదిపుల్లతో తీసిన నమూనాకు ఆల్బర్ట్ రంగు వేస్తే ఆకుపచ్చని కడ్డీల్లో నల్లని చుక్కలు కనిపిస్తాయి. కొన్ని కడ్డీల కొస ఉబ్బి గదలా ఉంటుంది. కొరినీబాక్టీరియం అనే పేరులోని గ్రీకు మాటకు గద అనే అర్థం. టెల్యూరైట్ కలిపిన ఆహారం మీద నల్లని గుంపులు పెరుగుతాయి. కాని గొంతులో సహజంగా ఉండే దీని చుట్టాలు కూడ చూపుకు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. కంఠసర్పి జీవుల్లో సైతం అన్నీ విషం చేయవు. ఒక వైరస్ మోసుకొచ్చిన జన్యువు ఉంటేనే అవి విషం చేస్తాయని 1951లో ఫ్రీమన్ పరిశోధన దారి చూపింది. అందుకే 1948లో ఎలెక్ పెట్టిన పరీక్షకు అంత విలువ. విరుగుడులో తడిపిన కాగితపు పట్టీకి అడ్డంగా జీవిని గీస్తారు. విషమూ విరుగుడూ కలిసినచోట తెల్లని గీత తేలుతుంది. రూపాన్ని కాదు, చేసే పనిని చూసి నిర్ణయించే పరీక్ష యిది.

పాలమూరులో గొర్రెలు ఎక్కువ. గొర్రెల మెడకిందా తొడల దగ్గరా చీముగడ్డలు లేపే ఒక జీవి యీ కుటుంబంలోదే. నొకార్ 1888లో ఆవులోనూ, ప్రైస్ 1891లో గొర్రెలోనూ దాన్ని పట్టుకున్నారు. ఉన్ని కత్తిరించేటప్పుడు పడే గాట్లలోంచి అది మందంతా పాకుతుంది. గొల్లకురుమలకు ఆ గడ్డ కొత్త కాదు. దాని వెనుక ఉన్న జీవి పేరు మాత్రం వారిదాకా ఎవరు తెచ్చారు?

మనుషుల సంగతీ అంతే. అంటురోగం అనగానే యీ ప్రాంతం చూపు దాదాపు 100 కిలోమీటర్ల అవతల హైదరాబాదు నల్లకుంటలోని కోరంటి దవాఖాన వైపు తిరిగేది. క్వారంటైన్ అన్న మాటే జనం నోట కోరంటి అయింది. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో గాని రాలేదు, నల్లగొండలో 2019లో. దారి ఖర్చులు లేక ఊళ్లోనే ఉండిపోయిన గొంతుల్ని ఏ పళ్లెం మీదా ఎవరూ గీయలేదు. వాటిని లెక్కించినవారూ లేరు.

వైద్యుడు పరీక్షాఫలితం కోసం ఆగకుండా అనుమానం మీదనే విరుగుడు ఇవ్వాలి కదా, మరి ప్రయోగశాల ఎందుకని కొందరడుగుతారు. విరుగుడు ఒక్క బిడ్డకు. పేరు ఊరంతటికీ. పేరు తేలితే పక్కింటి పిల్లలకు మందు అందుతుంది, టీకా ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. హైదరాబాదులో 2003–2006 మధ్య రోగాన్ని పరిశీలించినవారు అది 5 నుంచి 19 ఏళ్లవారిలో ఎక్కువని, నాలుగు మోతాదులు పడినవారికి రక్షణ ఉన్నదని, బూస్టర్లు అందినవారు మాత్రం తక్కువని తేల్చారు. రోగుల లెక్క ఉన్నది గనకనే అంతమాట చెప్పగలిగారు.

ఇప్పుడు పాలమూరు కూలీల సంగతి ఆలోచించండి. మట్టిపనికి, కట్టడాలపనికి పిల్లల్ని వెంటబెట్టుకొని రాష్ట్రాలు దాటిపోయే కుటుంబాలవి. మొదటి మోతాదు పుట్టిన ఊళ్లో పడితే, బూస్టరు వేళకు బిడ్డ ఏ ఇసుకకుప్ప పక్కన ఉంటుందో! టీకా చీటీ చిరునామాను నమ్ముకున్నది. కూలివాడి బతుకులో నిలకడైన చిరునామాయే లేదు. దీన్ని తల్లిదండ్రుల అజ్ఞానమనడం తేలిక. నా దృష్టిలో అది అన్యాయం కూడ.

బేరింగ్ కాలంనుంచి శాస్త్రం తన పని చాలవరకు చేసింది. ఉన్నచోటనే పరీక్ష, వెళ్లినచోటనే టీకా అందించే పని సమాజానిది. కొత్తగా వెలసిన కళాశాలల విలువను వాటి భవనాలతో కొలవకూడదు. మారుమూల తండానుంచి వచ్చిన ఒక దూదిపుల్లకు అవి ఎంత త్వరగా జవాబు చెబుతాయో దానితో కొలవాలి.